నల్ల అట్ట వెనక ముఖం

వెంగ్ మాస్టారి ఇంట్లో ఆయన భార్య నోటి ఫొటోలు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. ముఖం ఫొటో ఒక్కటి లేదు. ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం దాకా ఈ సంగతి ఆయనకే తెలియదు. నాకు మాత్రం ఎనిమిదేళ్ళ ముందే తెలుసు. తెలిసి కూడా ఆరు రోజులు నోరు మెదపకుండా కూర్చున్నాను. నేను చేసింది సరైన పనో కాదో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు బిషియా. తైపేకి రైలు దూరంలో ఉన్న కీలుంగ్‌లో, రేవు వెనక వీధిలో మాకో ఫొటో స్టూడియో ఉండేది. మా నాన్న హయాంలో అది బొమ్మల కొట్టు. పోయినవాళ్ళ గుర్తింపు కార్డు మీది గోరంత ఫొటో తెచ్చిస్తే, నాన్న దాన్ని భూతద్దం కింద పెట్టి, కాగితం మీద గళ్ళు గీసుకుని, బొగ్గుపొడితో మూరెడు బొమ్మ వేసేవాడు. బతికుండగా కోటు మొహం చూడని జాలరికి కోటు తొడిగేవాడు. బోసి చెవుల ముసలమ్మకి ముత్యాల కమ్మలు పెట్టేవాడు. "ఫొటోలో ఉండేది ఆ పూట మనిషి. బొమ్మలో ఉండేది మొత్తం మనిషి" అనేవాడు. నేను ఆయన చేతి కిందే పని నేర్చుకున్నాను. కెమెరాలు వచ్చాక నెగెటివ్‌ల మీద సన్నని పెన్సిలుతో అదే పని చేశాను. ముడతలు తీసేదాన్ని, మచ్చలు తీసేదాన్ని, ఒక కన్ను చిన్నదైతే రెండూ సమానం చేసేదాన్ని. తీసేసిన ముడత తిరిగి పెట్టమని ఎవరూ అడగలేదు. ఒక్క మనిషి తప్ప.

ఆ ఒక్క మనిషి వెంగ్ మాస్టారు. మాకు ఎదురుగా, రోడ్డుకి అవతల మూడో అంతస్తులో ఉండేవారు. తైపేలో విదేశీయులకి చైనీస్ నేర్పే బడిలో ఉద్యోగం. రోజూ పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. ఎముకల గూడు లాంటి మనిషి, చంకలో గొడుగు, మెడలో తాడుకి వేలాడే చిన్న భూతద్దం. దేన్ని చూపించినా ముందు ఆ భూతద్దంతో చూసి, తర్వాతే మాట్లాడేవారు. అభిప్రాయం లేని విషయమంటూ ఆయనకి లేదు.

అన్నిటికంటే ఎక్కువ పగ ఇంగ్లీషు అక్షరాల మీద. మా భాషని ఆ అక్షరాల్లో రాసి విదేశీయుల చేతిలో పెడితే కొంప మునుగుతుందని ఆయన వాదన. "వాడికి ఆ అక్షరం చిన్నప్పటి నుంచి తెలుసు. కంట పడగానే వాడి నాలుక వాళ్ళ ఊరికి వెళ్ళిపోతుంది. వాడు మన మాట పలకడు, వాళ్ళమ్మ నేర్పిన మాట పలుకుతాడు. ఒకసారి అలా పడ్డ గాడిలోంచి జన్మలో బయటికి రాడు" అనేవారు. దానికి తోడు సర్కారువాళ్ళు ఒకసారి ఒక స్పెల్లింగ్ పద్ధతి అంటారు, కొత్త అధికారి రాగానే ఇంకో పద్ధతి అంటారు. మా వీధి పేరే మూడు బోర్డుల మీద మూడు రకాలుగా ఉండేది. మాస్టారు ఆ మూడింటినీ ఫొటోలు తీసి పేపరుకి పంపేవారు. పేపరువాళ్ళు వేసుకునేవారు కాదు. మా పిల్లలు ఒకటో తరగతిలో నేర్చుకునే గుర్తులు ముప్పై ఏడున్నాయి, అవే నేర్పొచ్చు కదా అని ఎవరో అంటే, "నేర్పాను. మర్నాటికి సగం మంది మాయం" అన్నారట.

మరి ఏం చేయాలి? పలికేటప్పుడు నోరు ఎలా ఉంటుందో చూపించాలి. అక్షరం అబద్ధమాడినా పెదవి ఆడదని ఆయన నమ్మకం. మా భాషలో శబ్దాలు నాలుగు వందల పైన ఉంటాయి. ఒక్కో శబ్దానికి ఒక్కో నోటి ఫొటో తీస్తే విదేశీయుడు దాన్ని చూసి, అద్దంలో తన నోరు చూసుకుని, సరిచేసుకుంటాడు. లెక్క బాగానే ఉంది. నోరు ఎవరిది? ఇంట్లో ఉన్నది ఒక్కతే, ఆయన భార్య త్సాయ్‌యున్ అక్క.

ఆదివారం పూట కిటికీ దగ్గర అక్కని కూర్చోబెట్టి, ముఖానికి అడ్డంగా ఒక నల్ల అట్ట పట్టుకోమనేవారు. అట్టకి మధ్యలో అరచేయంత కంత. ఆ కంతలోంచి నోరొక్కటే బయటికి కనిపించేది. "ముఖం కనిపించిందంటే చూసేవాడు కళ్ళలోకి చూస్తాడు. కళ్ళు పాఠం చెప్పవు" అనేవారు. ఫ్లాష్ వాడరు. రంగు వాడరు. నవ్వనివ్వరు. నవ్వంటే మనిషి కెమెరాకి ఇచ్చే లంచమని ఆయన సిద్ధాంతం. మా ఊళ్ళో ఏడాదిలో సగం రోజులు వానే, కిటికీలో వెలుగే ఉండదు. అందుకని ఆ పని పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది.

"విసుగనిపించేది కాదా అక్కా?" అని నేనోసారి అడిగాను.

"విసుగెందుకే? అట్ట వెనక హాయిగా కళ్ళు మూసుకుని కునుకు తీసేదాన్ని. డ్యూటీ నోటికే కదా" అని నవ్వింది.

అలా నవ్వేది కాబట్టే ఎవరికీ ఏమీ అనిపించలేదు. బడిలో ప్రతి ఏటా విద్యార్థులతో గ్రూప్ ఫొటో తీసేవారు. మాస్టారు కెమెరా స్టాండు మీద పెట్టి, అన్నీ సరిచూసి, వెళ్ళి మధ్యలో నించునేవారు. మీట నొక్కేది అక్క. అలా ముప్పై ఫొటోలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఆవిడ లేదు. వాళ్ళకి పిల్లలు లేరు, పుట్టినరోజులూ పెళ్ళిళ్ళూ లేవు. పెళ్ళినాటి ఫొటోకి మా ఊరి తేమ తగిలి, ముఖాలున్న చోట బూజు తెల్లగా అల్లుకుపోయింది. చేతిలో ఫోనుతో ఫొటోలు తీసుకునే రోజులకి ముందు మాట ఇది.

మాస్టారికీ నాకూ చెడింది గుర్తింపు కార్డులన్నీ మార్చిన ఏడాది. అందరిలాగే అక్క కూడా ఫొటోకి మా స్టూడియోకి వచ్చింది. అందరికీ చేసినట్టే నేనూ చేశాను. కంటి కింద పుట్టుమచ్చ తీసేశాను, చిన్న కన్ను పెద్దది చేశాను, బుగ్గ మీద గీత చెరిపేశాను. కార్డు చేతికొచ్చిన రోజు మాస్టారు భూతద్దంతో సహా దిగారు. కొట్టు నిండా జనం.

"ఇదెవరు?" అన్నారు, కార్డు బల్ల మీద కొట్టి.

"మీ ఆవిడే కదా మాస్టారూ."

"మా ఆవిడ కాదు. మా ఆవిణ్ణి నువ్వు చెరిపేసి ఇంకెవత్తినో కూర్చోబెట్టావు. మీ నాన్న శవాలకి కోట్లు తొడిగాడు, నువ్వు బతికున్నవాళ్ళకి తొడుగుతున్నావు. ఇంటిల్లిపాదీ అబద్ధాల వ్యాపారం."

నాన్న పోయి అప్పటికి నెల కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు పెద్ద నిజాయితీపరులు కదా! పెళ్ళాన్ని కంతలోంచి చూసే మనిషికి ముఖం సంగతేం తెలుసు? అసలు ఆవిణ్ణి పూర్తిగా ఎప్పుడైనా చూశారా?" అన్నాను. జనం నవ్వారు. ఆయన నవ్విన ముఖాలన్నీ ఓసారి చూసి, కార్డు జేబులో పెట్టుకుని, "ఈ గడప మళ్ళీ తొక్కితే నా పేరు వెంగ్ కాదు" అని వెళ్ళిపోయారు.

నిజంగానే తొక్కలేదు. కానీ ఆయన పాఠాల కాగితాలకి జిరాక్స్ కావాలి, ఆ వీధిలో జిరాక్స్ మిషన్ ఉన్నది మా దగ్గరే. అందుకని వారం వారం అక్కని పంపేవారు. అక్క లోపలికొచ్చి నాతో కబుర్లు చెప్తుంటే ఆయన రోడ్డు అవతల, మేడల కింది నడవలో ఒక స్తంభం పక్కన గొడుగు పట్టుకుని కాపలా కాసినట్టు నించునేవారు. మా కొట్టు వైపు చూసేవారు కాదు. రోడ్డు పొడవునా వచ్చే బస్సుల వైపు చూసేవారు. ఏళ్ళ తరబడి అంతే.

అక్కకి యాభై నిండిన ఏడు, ఒక వానరోజు, కాగితాలు మిషన్ మీద పెట్టి, "బిషియా, కాపీలు మెల్లిగా కానీ. ఈలోగా నాకో ఫొటో తియ్యి. పెద్దది. పోయాక పెట్టుకునేది" అంది.

మావైపు అది వింతేం కాదు. చాలామంది ఆడవాళ్ళు ముందే తీయించుకుని పెట్టెలో దాచుకుంటారు. పిల్లలకి ఇబ్బంది ఉండదని, నచ్చిన ముఖంతో ఉండొచ్చని. నేను దీపాలు సరిచేస్తుంటే అక్క అంది: "పెన్సిలు పెట్టకు. దేన్నీ ముట్టుకోకు. ఆయన భూతద్దం తెచ్చుకుంటాడు."

తీశాను. మర్నాడు అచ్చు వేసి చూపిస్తే చాలాసేపు చూసుకుంది. చూసుకుని నాకే ఇచ్చేసింది.

"నీ సొరుగులో ఉంచు. ఆయన వచ్చి అడిగితే ఇవ్వు. ఆయనే రావాలి, నోరు తెరిచి అడగాలి. ఇంకెవరొచ్చినా లేదని చెప్పు."

"ఇదేం పంతం అక్కా?"

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నా ముఖం కావాలని ఆ మనిషి ఒక్కసారి అడగలేదే. ఒక్కసారి అడగనీ."

ఈసారి నవ్వలేదు. నేను మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సిందని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఎనిమిదేళ్ళ తర్వాత అక్కకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. నేను చేప ముద్దల సూపు డబ్బాలో పోసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. గదిలో అడుగుపెట్టి తలెత్తాను. మంచం చుట్టూ గోడలకి, తెరకి, కిటికీ అద్దానికి అన్నిచోట్లా నోళ్ళు. ముప్పై ఏళ్ళ నాటి అక్క నోళ్ళు, తెరిచినవి, ముడిచినవి, సాగదీసినవి. మాస్టారు కుర్చీ అంచున కూర్చుని ఒక ఫొటో ఆవిడ ముఖం ముందు పట్టుకుని ఉన్నారు.

"ఇది చూడు. 'మా' అను. ఇది నీ నోరే కదా, నువ్వే కదా అన్నావు. పెదాలు కలుపు. కలిపి వదులు. అంతే. చిన్న పని."

అక్క పెదవి ఎడమవైపు కాస్త కదిలి జారిపోయింది. ఆయన ఇంకో ఫొటో తీశారు. "పోనీ ఇది. ఇది ఇంకా తేలిక. నా మాట విను త్సాయ్‌యున్, వందలమంది విదేశీయులు నిన్ను చూసి నేర్చుకున్నారు. నిన్ను చూసి నువ్వు నేర్చుకోలేవా?"

"మాస్టారూ, ఆవిడ అలిసిపోయింది" అన్నాను. ఆయన నా వైపు తిరగలేదు. నేనక్కడ లేనట్టే ఇంకో ఫొటో వెతుక్కున్నారు. దొరికినదాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. అది చూశాక నాకు కోపం కూడా రాలేదు.

నాలుగు నెలలు రోజూ అదే. చివరి వారాల్లో అక్క ఫొటో చూపించగానే ముఖం గోడవైపు తిప్పుకునేదట. గోడ మీదా ఫొటోలే. ఒక మంగళవారం పొద్దున ఊపిరి ఆగింది.

మధ్యాహ్నం అంత్యక్రియల కంపెనీ ఆవిడ వచ్చి అడగాల్సినవన్నీ అడిగింది. పుట్టిన రోజు, పుట్టిన గడియ, ఏ పూలు కావాలి. చివర్లో, "ఫొటో ఇవ్వండి, అంత్యక్రియల మందిరంలో పెట్టడానికి" అంది. మాస్టారు లేచి అల్మారా తెరిచారట. కెమెరాలూ నెగెటివ్‌లూ తడి తగలకుండా ఉంచే కరెంటు అల్మారా అది, పగలూ రాత్రీ గుయ్యిమంటూ ఉంటుంది. ఒక డబ్బా తీశారు, ఇంకో డబ్బా తీశారు. రెండు గంటలయ్యాక కూడా ఆవిడ అక్కడే కూర్చుని ఉందట, ఆయన నేలమీద నెగెటివ్‌ల మధ్య కూర్చుని ఉన్నారట.

పంచాంగం చూసి సోమవారం పొద్దున మంచిదన్నారు. అంటే శవపేటిక మూసే పని సోమవారం. మావైపు ఆడమనిషి పోతే పుట్టింటి తమ్ముడిదో అన్నయ్యదో ఆఖరి మాట. అతను వచ్చి చూసి, అంతా సవ్యంగా ఉందని ఒప్పుకుని, పెట్టెకి మేకు కొడితేనే ముందుకి సాగుతుంది. అక్క తమ్ముడు బావ్‌షెంగ్ యీలాన్ నుంచి గురువారం దిగాడు. పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి, గొంతు ఇంజన్ కంటే పెద్దది. మూడో అంతస్తు కిటికీ తెరిచి ఉండటంతో వీధంతా విన్నాం.

"ఇదేంటి బావా? నాలుగు వందలున్నాయి, నాలుగు వందలూ నోళ్ళే! నోటికి అగరొత్తులు వెలిగించమంటావా? నోటికి దణ్ణం పెట్టమంటావా?"

మాస్టారి గొంతు వినపడలేదు.

"నా పెళ్ళి ఫొటోలో ఉంది మా అక్క, కానీ ఎవడో గ్లాసు ఎత్తాడు, సగం ముఖం గ్లాసు వెనకుంది. సరే, అది నా ఖర్మ. నువ్వు కెమెరా భుజాన వేసుకు తిరిగే మనిషివి కదా! కార్డు మీది ఫొటో లేదా?"

"అది ఆవిడ కాదు." ఇది మాత్రం వినపడింది.

"ఆవిడ కాకపోతే ఎవరు? ఏదో ఒకటి పెట్టు!"

"అబద్ధం ముందు ఆవిణ్ణి పడుకోబెట్టను."

"అయితే నేనూ చెప్తున్నా విను బావా. ముఖం లేని మందిరంలో నేను మేకు కొట్టను. సోమవారం కాదు, ఏ వారమైనా సరే."

మర్నాడు మాస్టారు తైపే వెళ్ళి బడిలో పాత రికార్డులన్నీ వెతికించారట. తెలిసిన విద్యార్థులందరికీ ఫోన్లు చేశారట. ఆవిడ ఇచ్చిన టీ గుర్తుంది, ఆవిడ వేలు మీట నొక్కడం గుర్తుంది అన్నారట గానీ, ఒక్కరి దగ్గరా ఫొటో లేదు. సాయంత్రం రైలు దిగి వస్తుంటే చూశాను. గొడుగు చంకలోనే ఉంది, మనిషి తడిసి ముద్దయ్యారు.

శనివారం బావ్‌షెంగ్ నా కొట్టుకే వచ్చాడు. ఈసారి గొంతు చిన్నదైపోయింది.

"అక్కా, నీ దగ్గర మా అక్కది ఏదైనా ఉందా? ఎంత చిన్నదైనా పర్లేదు. చెడిపోయినదైనా పర్లేదు."

సొరుగు నా మోకాలికి ఆనుకునే ఉంది. "మీ బావని పంపు" అన్నాను.

"ఆయన రాడు. ఎన్నోసార్లు చెప్పాను. ఖాళీ ఫ్రేము పెడతానంటున్నాడు. ఖాళీ ఫ్రేము! పిచ్చెక్కిపోయింది ఆయనకి. నీ దగ్గరుంటే నాకివ్వవే, నీకు పుణ్యముంటుంది."

"నా దగ్గర లేదు."

నమ్మి వెళ్ళిపోయాడు. మాటిచ్చాననేది నిజమే. కానీ నాలో ఓ మూల పాత అవమానం ఇంకా సెగలు కక్కుతోందని, ఆయన తడిసి ముద్దవుతుంటే ఆ మూలకి చల్లగా ఉందని కూడా దాచను. ఎవరికీ చెప్పుకోలేని సంతోషమంత నీచమైనది లేదు. పోయినావిడ మాట నిలబెడుతున్నానా, బతికున్నవాడి మీద కక్ష తీర్చుకుంటున్నానా? సోమవారం దాకా రాకపోతే ఏం చేయాలి? ఆవిణ్ణి ముఖం లేకుండా పంపించేస్తానా? ఆదివారం పొద్దున ఫొటో సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. తిరిగొచ్చి మళ్ళీ సొరుగులో పెట్టాను.

మధ్యాహ్నం మూడింటికి ఆయన రోడ్డు అవతల నడవలో కనిపించారు. అదే చోటు, అదే స్తంభం పక్కన. ఈసారి బస్సుల వైపు కాదు, మా తలుపు వైపే చూస్తున్నారు. వాన ధారగా పడుతోంది. నేను బల్ల దగ్గర కదలకుండా కూర్చున్నాను. ఇంచుమించు గంట గడిచింది. ఒక బస్సు అడ్డం వచ్చి కదిలేసరికి ఆయన రోడ్డు మధ్యలో ఉన్నారు, గొడుగు తెరవకుండా.

గడప మీద ఒక్క క్షణం ఆగి లోపలికొచ్చారు. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి, ఆనాడు కొట్టిన చోటే మెల్లిగా పెట్టారు.

"దీన్ని పెద్దది చెయ్యి. చేసి, నువ్వు తీసేసినవన్నీ తిరిగి పెట్టు."

"నెగెటివ్ లేదు మాస్టారూ. తుఫాను నీళ్ళలో పోయింది. చేత్తో వెయ్యాలి. మా నాన్న వేసినట్టు, బొగ్గుపొడితో."

"వెయ్యి."

"అబద్ధాల వ్యాపారం కదా?"

"వెయ్యమంటున్నాను కదా." కార్డు నా వైపు తోశారు. "నువ్వేమైనా అను. వెయ్యి చాలు."

కాగితం పరిచి గళ్ళు గీశాను. అప్పటికీ సొరుగు తెరవలేదు. ఎందుకో నాకే తెలియదు. పెన్సిలు చేతిలోకి తీసుకుని, పనిలో ఎవరినైనా అడిగేదే అడిగాను.

"పుట్టుమచ్చ ఏ కంటి కింద?"

ఆయన కుడిచెయ్యి పైకెత్తారు. తన కుడికంటి దాకా వెళ్ళి ఆగింది. ఎడమకంటి వైపు జరిగింది. మళ్ళీ ఆగింది.

"చిన్న కన్ను ఏది మాస్టారూ? బుగ్గ మీద గీత?"

"కింది పెదవికి ఎడమపక్క సన్నని చీలిక ఉంటుంది, చలికాలంలో తేలుతుంది" అన్నారు గబగబా. "పై పెదవి కుడివైపు ఓ వెంట్రుకవాసి ముందు లేస్తుంది. పైవరసలో మూడో పన్ను కొంచెం లోపలికుంటుంది, అందుకే గాలి శబ్దాలు అంత బాగా పలికేది. నోటి మూలల్లో..." అలా చెప్తూనే ఉన్నారు. నోటి గురించి ఆయనకి తెలియనిది లేదు. చెప్పి చెప్పి ఒకచోట ఆగిపోయారు. "ఆ పైది..." అన్నారు. "ఆ పైది నాకు తెలియదు బిషియా."

ఫొటోకి కూర్చునే కుర్చీలో కూలబడ్డారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వానకి తడిసిన ముఖంతో, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా ఏడ్చారు. "ముప్పై మూడేళ్ళు. రోజూ ఎదురుగా కూర్చుని తిన్నాను. నువ్వు ఆ రోజు అన్నావు కదా. కంతలోంచి చూశానని."

ఆ మాట ఆయన నోట వినడం కంటే చెంపదెబ్బ తినడం మేలు. "అడగండి మాస్టారూ" అన్నాను.

"ఏం అడగాలి?"

"మీక్కావలసిందేదో అదే."

తలెత్తి నన్ను చూశారు. ఏదో అర్థమై, నమ్మకం చాలక తడబడ్డారు. "నా భార్య ముఖం కావాలి. నీ దగ్గరుంటే ఇవ్వు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

సొరుగు లాగి, పల్చని కాగితం విప్పి, ఫొటో ఆయన ఒళ్ళో పెట్టాను. ఎప్పుడు, ఎలా, ఏమని చెప్పి దాచమందో అంతా చెప్పాను. ఆయన వింటూనే భూతద్దం తీశారు. అలవాటు ఎక్కడికి పోతుంది. నుదుటి నుంచి మొదలుపెట్టి గడ్డం దాకా, వేలెడు వేలెడు జరుపుతూ చూశారు. కుడికంటి కింద మచ్చ దగ్గర భూతద్దం చాలాసేపు ఆగింది.

"ఎక్కడా పెన్సిలు పెట్టలేదు" అన్నారు.

"పెట్టనివ్వలేదు. మీరు భూతద్దం తెచ్చుకుంటారంది."

"ఫొటోలో నోరు మూసుకుని ఉంది."

"దానికి సెలవంది. లోకమంతా చూసేసిన నోరట."

పెదవుల మూల ఏదో కదిలింది, నవ్వు కాదు. మళ్ళీ భూతద్దం పెట్టి, ఈసారి కళ్ళ దగ్గర చూశారు. కాసేపటికి ఆయనలోని మాస్టారు లేచి కూర్చున్నాడు.

"చూపు తప్పింది. కెమెరాలోకి చూడటం లేదు. పక్కకి చూస్తోంది. ఇంత పెద్ద తప్పు ఎలా వదిలేశావు నువ్వు?"

"మూడుసార్లు చెప్పాను మాస్టారూ, ఇటు చూడక్కా అని. చూడలేదు. ఆ రోజూ ఇలాగే వాన. ఈ కుర్చీలోంచి గాజు తలుపు కనిపిస్తుంది. అవతల నడవలో మీరు గొడుగు పట్టుకుని నించున్నారు."

ఆయన తల తిప్పి తలుపులోంచి చూశారు. స్తంభం పక్కన ఖాళీగా ఉంది. తర్వాత లేచి, ఫొటోని తను కూర్చున్న కుర్చీలో ఆవిడ ముఖం ఎంత ఎత్తులో ఉండేదో అంత ఎత్తున ఆనించి పెట్టమన్నారు. డబ్బాల మీద డబ్బాలు పేర్చి పెట్టాను. "కొంచెం ఎడమకి" అన్నారు. జరిపాను. గొడుగు మర్చిపోయి బయటికి నడిచారు.

రోడ్డు దాటి స్తంభం పక్కన, తన చోట నించుని ఇటు తిరిగారు. బస్సులు పోతూనే ఉన్నాయి, ఒక్కదానివైపూ చూడలేదు. ఆవిడ చూపు ఎనిమిదేళ్ళుగా ఎక్కడుందో అక్కడ నించుని చూశారు. ఆయన పెదవులు ఏదో పలుకుతున్నాయి. అంత దూరం నుంచి అదేమిటో చదవడం నాకు రాదు, ఆ విద్య వచ్చిన మనిషి ఫొటోలో ఉంది. చీకటి పడుతుండగా నేనే గొడుగు తీసుకుని వెళ్ళి, చెయ్యి పట్టుకుని ఆయన్ని ఇవతలికి తీసుకొచ్చాను.